మూడు వందల పద్దెనిమిదో బిళ్ళ

కిటికీలోంచి ఒక చెయ్యి లోపలికి వచ్చి బల్ల మీద ఇత్తడి బిళ్ళ పెట్టింది. నూట నలభై రెండు. సదయ్య బిళ్ళ అందుకుని వెనక బోర్డు మీద అదే నంబరున్న మేకుకు తగిలించాడు. చార్జింగు స్టాండు మీంచి నూట నలభై రెండో లాంపు తీసి కిటికీలో పెట్టాడు. చెయ్యి లాంపు తీసుకుని వెళ్లిపోయింది. వెంటనే ఇంకో చెయ్యి. రెండు వందల తొంభై. దాని వెనక పదహారు. ఫస్టు షిఫ్టు గనిలోకి దిగే వేళ. లాంపు రూము ముందు వరస సైకిల్ స్టాండు దాకా సాగి ఉంది.

బిళ్ళ ఇస్తే లాంపు, లాంపు ఇస్తే బిళ్ళ. అంతే సదయ్య ఉద్యోగం. షిఫ్టుకు ఒక బోర్డు. షిఫ్టు ముగిశాక బోర్డు మీద ఒక్క బిళ్ళ కూడా లేదంటే దిగినవాళ్లంతా పైకి వచ్చినట్టు. ఒకటి మిగిలిందంటే ఆ నంబరు మనిషి ఇంకా భూమి కిందనే ఉన్నట్టు.

ఆ కిటికీ ఎవరు ఏ బుద్ధితో కట్టారో గాని, నిలబడ్డ మనిషికి నడుము దగ్గరికి వస్తుంది. లోపల స్టూలు మీద కూర్చున్న సదయ్యకు అవతలివాడి బొడ్డు నుంచి ఛాతీ దాకా కనబడుతుంది, చేతులు మాత్రం పూర్తిగా కనబడతాయి. మోకాలి చిప్ప పగిలి, టబ్బుల్లో బొగ్గు నింపే పని ఇక చేతకాదని దవాఖాన వాళ్లు కాగితం రాసిచ్చిన నాటి నుంచి, అంటే ఇరవై రెండేళ్లుగా, అతనికి లోకమంటే ఆ కిటికీలోంచి వచ్చే చేతులే. చౌరస్తాలో ఎవరైనా "ఏం సదన్నా, మంచిగున్నవా" అని పలకరిస్తే తెల్లమొహం వేస్తాడు. పలకరించినవాడు చెయ్యి ఊపాడో, అప్పుడు వాడెవరో నంబరుతో సహా చెప్పేస్తాడు. ఈ విద్య చూసి అతని భార్య లస్మవ్వ పెళ్లిళ్లలో సిగ్గుతో చచ్చిపోయేది. బంధువుల మొహాలు మరిచిపోయి వాళ్ల చేతులకేసి చూసే మొగుణ్ని ఏమని సమర్థించుకోవాలి?

అందుకే అతని కార్టూన్లలో మొహాలు పల్లీగింజలంత ఉంటాయి, చేతులు చేటలంత ఉంటాయి. గని ముందర బోర్డు మీద ప్రతి వారం ఒక బొమ్మ వేస్తాడు. హెల్మెట్ పెట్టుకోండి, బెల్టు దగ్గర ఆటలాడకండి వంటి మాటలు పై వాళ్లు చెప్పినవే అయినా, చూసినవాళ్లు నవ్వకుండా దాటిపోరు. అయితే నవ్వులో సగం వాటా రఘుపతిది. బొమ్మ సదయ్యది, కింద మాట రఘుపతిది. ముప్పై ఏళ్ల కింద ఇద్దరూ టబ్బులు నింపే రోజుల్లోనే మొదలైన పొత్తు అది. ఖాళీ దొరికితే సదయ్య సుద్దముక్కతో టబ్బు పక్కన బొమ్మ గీసేవాడు, రఘుపతి కింద ఒక మాట రాసేవాడు, టబ్బు పైకి పోయి పైనున్నవాళ్లను నవ్వించేది. ఎవడు గీశాడో తేల్చాలని ఒక ఆఫీసరు వారం రోజులు తిరిగాడు. ఆ వారం వేసిన బొమ్మ ఆయనదే.

ఇప్పుడు సదయ్య వరసలోని చేతులను చూస్తున్నాడు గాని, మనసు వాటి మీద లేదు. మూడు వందల పద్దెనిమిది ఇంకా రాలేదు. రాకపోతే బాగుండునని నాలుగు రోజులుగా ప్రతి పొద్దునా అనుకుంటున్నాడు. సెలవు పెట్టనీ, జ్వరం రానీ, అత్తగారింటికి పోనీ.

వచ్చింది. పడుచు చెయ్యి. మణికట్టుకు ఎర్ర దారం, బొటనవేలి గోరు నలిగి నల్లబడింది. భూపాల్. మూతపడిన పక్క గని నుంచి బదిలీ అయి వచ్చి పట్టుమని పది రోజులు కాలేదు. పెళ్లయి నాలుగు నెలలు.

సదయ్య లాంపు పట్టుకున్నాడు గాని వెంటనే వదల్లేదు.

"ఇయ్యాల యాడ డ్యూటీ బిడ్డా?"

"ఎనిమిదో లెవెల్, కాకా."

"పైలం."

"రోజూ గట్లనే అంటున్నవేందే కాకా? నీ మాట ఇనుకుంట దిగితె లేని భయం వెడ్తున్నది."

లాంపు వదిలాడు. భూపాల్ ఎటు పోతున్నాడో చూడాలని మెడ వంచి కిటికీ అంచులోంచి తొంగిచూశాడు. ఈలోగా బల్ల మీద ఇంకో బిళ్ళ పడింది. డెబ్బై ఏడు. రఘుపతి.

"బావా, ఒక ముచ్చట చెప్పాలెరా."

"తర్వాత."

"అరె, రెండే మాటలు."

"లైనున్నది బావా, ఎన్క మంది ఒర్లుతున్నరు. పైకొచ్చినంక చెప్పు. జరుగు."

అలా అంటూనే లాంపు తోశాడు. కళ్లు మాత్రం భూపాల్ హెల్మెట్ మీదనే. రఘుపతి ఒక్క క్షణం అక్కడే ఉండి, "సరే తియ్, సాయంత్రం ఎట్లయిన కలిసే పోతం గద" అని జరిగాడు. వెనక నూట ఆరు బిళ్ళ పడింది.

సదయ్య భయం గురించి చెప్పాలంటే బొమ్మల సంగతి చెప్పాలి. మంథని డ్రాయింగు మాస్టారు ఉమామహేశ్వర్ గారి అమ్మాయి శ్రావణ్య హైదరాబాదులో బొమ్మల చదువు చదివి వచ్చి, గోదావరిఖని చౌరస్తా దగ్గర మూతపడ్డ ఫోటో స్టూడియో మేడగది అద్దెకు తీసుకుంది. గోడలకు సున్నం వేయించి, దాన్ని గ్యాలరీ అంది. ఈ బొగ్గు పట్టీలో కార్టూన్లు వేసేవాళ్లు ఎక్కడెక్కడ ఉన్నారో వెతికింది. శ్రీరాంపూర్‌లో ఒక గృహిణి, కొత్తగూడెంలో ఒక క్రేన్ డ్రైవరు, పెద్దపల్లిలో ఒక పోస్టుమాస్టరు. అలా పదకొండు మంది తేలారు. అందరూ కలిసి ఒకే కామిక్కు గీయాలి, మనిషికి ఒక పేజీ. ఎవరూ మొత్తం కథ చూడకూడదు. ముందరివాళ్లు వేసిన ఆఖరి బొమ్మ ఒక్కటే చేతికి వస్తుంది, అక్కడి నుంచి అందుకోవాలి. గోదావరిఖనిలో ఒక రోజు చూపించి, తర్వాత నెలరోజులు హైదరాబాదులో ఒక పెద్ద గ్యాలరీకి తీసుకుపోతారు.

సదయ్యది పదో పేజీ. శ్రీరాంపూర్ ఆవిడ దగ్గర్నుంచి వచ్చిన బొమ్మలో ఒక చెయ్యి టిఫిను డబ్బా మూత పెడుతున్నది. అంతే. ఆ చేతిని చూడగానే అతనికి ఒళ్లు ఝల్లుమంది. తనలాగే చేతులు చూసే మనిషి ఇంకొకరున్నారు! మూడు రోజులు సెలవు పెట్టి కూర్చున్నాడు. ఇంట్లో నేలంతా ఇంకు మరకలు. "గనిల బొగ్గు, ఇంట్ల ఇంకు, నా బతుకంత నలుపేనా" అని లస్మవ్వ గొణిగింది గాని, రెండో రోజు పేజీ చూసి మాట్లాడకుండా చాయ్ పెట్టి తెచ్చింది.

పేజీలో తొమ్మిది బొమ్మలు. టిఫిను డబ్బా చేయి మారుతుంది, బిళ్ళ చేయి మారుతుంది, లాంపు చేయి మారుతుంది, షిఫ్టు ముగుస్తుంది, చేతులు లాంపులు తిరిగి ఇస్తాయి. ఆఖరి బొమ్మలో బోర్డు, బోర్డు మీద ఒకే ఒక్క బిళ్ళ. ఆ పేజీకి మాటలు రాస్తానని రఘుపతి వచ్చాడు. "దీనికి మాటలొద్దు బావా" అన్నాడు సదయ్య. ముప్పై ఏళ్లలో మొదటిసారి అన్న మాట అది. రఘుపతి ముఖం చిన్నబోయిందో లేదో సదయ్య చూడలేదు. చేతులు మాత్రం కాసేపు మోకాళ్ల మీద ఊరికే ఉండిపోయాయి.

ఆ ఒక్క బిళ్ళ మీద నంబరు వెయ్యకుండా ఉండవలసింది. వేరేవాడైతే ఉండేవాడే. నంబరు లేని బిళ్ళను సదయ్య చెయ్యి గీయలేదు, అలాంటిది తన జన్మలో చూడలేదు. పనిలో ఉన్నవాడి నంబరు వేస్తే అరిష్టమని ఎంతో ఆలోచించి, తొమ్మిదేళ్లుగా ఎవరికీ ఇవ్వని నంబరు ఏరి వేశాడు. మూడు వందల పద్దెనిమిది. ఆ నంబరు మనిషి రిటైరై ఊరికి పోయాడు, మేకు ఖాళీగా ఉంది. ఎంత జాగ్రత్తపరుడో చూడండి! సెలవు నుంచి తిరిగి వచ్చి, పేజీ అచ్చుకు పోయిన మర్నాడు కిటికీ తెరిస్తే, ఎర్ర దారం కట్టుకున్న చెయ్యి ఒకటి మూడు వందల పద్దెనిమిదో బిళ్ళ పెట్టింది. తను ఇంట్లో కూర్చుని ఆ నంబరు గీస్తున్న మూడు రోజుల్లోనే, పక్క గని నుంచి వచ్చినవాళ్లకు ఖాళీ నంబర్లు పంచారు.

పైకి రాని మనిషి బిళ్ళ. నాలుగడుగుల ఎత్తున అచ్చువేసి గోడకు పెట్టారు. ఈరోజు సాయంత్రం అయిదు గంటలకు ఊరు ఊరంతా చూస్తుంది. భూపాల్ చూస్తాడు, వాడి పెళ్లాం చూస్తుంది. అంతకంటే ముందు, వాడు ఈరోజు షిఫ్టు దిగి ఎక్కాలి. సదయ్య జేబులో తెల్ల ఇంకు సీసా, నల్ల పెన్ను ఉన్నాయి. మూడింటికి షిఫ్టు దిగగానే ఆటో ఎక్కి స్టూడియోకు పోయి, ఎవరూ రాకముందే ఆ అంకెలు చెరిపెయ్యాలి. గనిలో ఒక్క రఘుపతికే ఈ సంగతి చెప్పాడు. రఘుపతి విని, "బొమ్మల రాస్తె మనిషికేమైతదిరా, నీ పిచ్చి గాకపోతె" అని నవ్వాడు. సదయ్యకు నవ్వు రాలేదు.

పదింటికి వరస లేదు. మే నెల ఎండకు రేకుల కప్పు టకటకమంటున్నది. సదయ్య బయటికి వచ్చి గోడ నీడన నిలబడి శ్రావణ్యకు ఫోన్ చేశాడు.

"అమ్మా, నేను సదయ్యను. ఆ నంబరు సంగతి నీకు చెప్తనే ఉన్న..."

"కాకా, ఫ్రేములు తగిలిస్తున్నం, ఇనవడ్తలేదు. మీరేం ఫికర్ చెయ్యకుండ్రి. సాయంత్రం రాండ్రి, చూస్తరు గద!" అని నవ్వింది. ఫోన్ పెట్టేసింది.

ఆ నవ్వేమిటో అతనికి అర్థం కాలేదు. ఒక ప్రాణం సంగతి చెబుతుంటే నవ్వుతారా? చదువుకున్న పిల్లలకు ఇవన్నీ మూఢనమ్మకాల్లాగా కనిపిస్తాయి కాబోలు. లోపలికి వచ్చి బోర్డు చూశాడు. రెండు వందల పైచిలుకు బిళ్ళలు. మూడు వందల పద్దెనిమిదో బిళ్ళ ఫ్యాను గాలికి కొంచెం కదిలింది. అతను లేచి ఫ్యాను ఇటు తిప్పుకున్నాడు.

పన్నెండింటికి మజ్జిగ ప్యాకెట్లు వచ్చాయి. తాగలేదు. లస్మవ్వ కట్టిన డబ్బా తెరిచి, రెండు ముద్దలు మింగి మూసేశాడు. పాత లాంపుల బ్యాటరీలు తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిందే మళ్లీ తుడుస్తున్నాడని గ్రహించి ఊరుకున్నాడు. గడియారం మీద కోపం వచ్చింది.

రెండు గంటలు కావస్తుండగా హాజరు ఆఫీసు గుమాస్తా అటుగా పోతూ కిటికీ దగ్గర ఆగాడు.

"కొత్త టన్నెల్ దిక్కు నుంచి ఒకల్ని దవాఖానకు తీస్కపోయిన్రట, ఎర్కనా?"

సదయ్య కిటికీలోకి వంగాడు. "ఎవల్ని?"

"పేరు తెల్వది. ఆ బదిలీల వచ్చిన పోరడు లేడా, పెండ్లయిందన్నరు చూడు... గాయన అంబులెన్సుల ఎక్కిండని ఫోన్ల చెప్పిన్రు."

"ఏమైందట?"

"తెల్వదన్న. దెబ్బ గిట్ల ఏం లేదంటున్నరు. నేను పోవాలె."

దెబ్బ లేదన్న మాట సదయ్య చెవికి ఎక్కలేదు. స్టూలు మీద కూలబడ్డాడు. కొత్త టన్నెల్ కిలోమీటరు అవతల ఉంది. ఎనిమిదో లెవెల్ వాళ్లు పైకి రావడానికి అదే దగ్గర దారి. అంబులెన్సు అటునుంచి అటే పోతుంది, ఈ కిటికీకి తెలియదు. నేను చంపేశాను, అనుకున్నాడు. మనసులోనే అనుకున్నా, ఆ మాట బయటికి వచ్చినట్టే అయి చుట్టూ చూశాడు. దవాఖానలో తెలిసిన వార్డుబాయికి ఫోన్ చేస్తే ఎత్తలేదు. మళ్లీ చేశాడు. మళ్లీ ఎత్తలేదు. రఘుపతి పైన ఉంటే బాగుండును, తిట్టయినా ధైర్యం చెప్పేవాడు అనిపించింది.

రఘుపతికి మాత్రం ఇంకా టైముంది. అతను పంపు ఆపరేటరు. గని లోపల ఊరే నీళ్లను తోడే పంపు దగ్గర షిఫ్టంతా ఒక్కడే ఉంటాడు. తర్వాతి షిఫ్టు ఆపరేటరు కిందికి దిగి, పంపు దగ్గరికి నడిచి వచ్చి, పని చేతిలోకి తీసుకున్నాకే ఇతను కదలాలి. అందుకే డెబ్బై ఏడో లాంపు ఏరోజూ నాలుగు దాటితే గాని రాదు. అందరి తర్వాత వస్తాడు, వచ్చి కిటికీ దగ్గర ఒక మాట పారేసి పోతాడు. ఎన్నో ఏళ్లుగా అదే రివాజు. ఆ బిళ్ళ బోర్డు మీద చివరిదాకా ఉంటే సదయ్యకు దాని వైపు చూపు కూడా పోదు.

మూడింటికి సైరన్ మోగింది. చేతులు రావడం మొదలైంది. లాంపు, బిళ్ళ, లాంపు, బిళ్ళ. వచ్చిన ప్రతి చేతి మణికట్టునూ చూశాడు. ఒకటి రెండు చోట్ల ఎర్ర దారాలు కనిపించాయి, గోరు చూస్తే నల్లగా లేదు. ఎనిమిదో లెవెల్లో పనిచేసే నూట ఆరును అడిగాడు.

"మా దిక్కు ఏం కాలే అన్నా. భూపాలా? వాడు తిన్నంక నీళ్లకని పోయిండు, మళ్ల రాలే. వాణ్నే తీస్కపోయిన్రని మాకూ గట్లనే తెల్సింది."

మూడున్నరకు ఫస్టు షిఫ్టు బోర్డు దాదాపు ఖాళీ. రెండో షిఫ్టు లాంపు మనిషి వచ్చి అంగీ విడిచి బనీనుతో నిలబడ్డాడు. "ఇగ నువ్వు వోరాదె సదన్నా. బొమ్మల కాడ నీకు శాలువ కప్పుతరట గద."

"పోత."

పోలేదు. స్టూలు పక్కకు జరిపి వాడికి చోటిచ్చి, కిటికీ పక్కనే గోడకు ఆనుకుని నిలబడ్డాడు. మోకాలు సలుపుతున్నది. బోర్డు మీద రెండే బిళ్ళలు మిగిలాయి. ఒకటి రఘుపతిది, దాని సంగతి తెలిసిందే. రెండోది తన పేజీలో బొమ్మ ఎట్లా ఉందో అచ్చం అట్లాగే ఉంది. ఆటో ఎక్కి స్టూడియోకు పోతే అంకెలు చెరిపెయ్యగలడు. ఇప్పుడు చెరిపితే మాత్రం ఏమిటి? దవాఖానకు పోదామంటే అక్కడ ఏం వినవలసి వస్తుందోనని భయం. ఇక్కడుంటే కనీసం ఆ లాంపు ఇంకా రావచ్చు. వాడి పెళ్లానికి ఏం చెప్పాలి? నీ మొగుడి నంబరు తెలియక వేశానమ్మా అంటే ఆమెకు ఏం అర్థమవుతుంది?

నాలుగుంబావుకు కిటికీలోకి ఒక చెయ్యి వచ్చింది. ఎర్ర దారం. నల్లగోరు.

"కాకా, లాంపు."

సదయ్య రెండో షిఫ్టు మనిషిని పక్కకు నెట్టి ఆ చేతిని రెండు చేతులతో పట్టుకున్నాడు. వెచ్చగా ఉంది. చెమట, బొగ్గు. "వచ్చినవా బిడ్డా! వచ్చినవా!" అని నవ్వాడు, కళ్లల్లో నీళ్లు తిరిగాయి. గబగబా బోర్డు దగ్గరికి పోయి మూడు వందల పద్దెనిమిదో బిళ్ళ తీసి తెచ్చాడు. ఇంత సంతోషం అతను తన పెళ్లినాడు కూడా పడలేదు.

చెయ్యి బిళ్ళ తీసుకోలేదు. కిందికి పోయి, ఇంకో లాంపుతో పైకి వచ్చింది. దాన్ని మెల్లగా మొదటి లాంపు పక్కన పెట్టింది. డెబ్బై ఏడు.

"ఇదెట్ల నీ దగ్గరున్నది?" అన్నాడు సదయ్య, ఇంకా నవ్వుతూనే.

కిటికీ అవతల ఛాతీ ఒకటి ఎగసిపడుతున్నది. సదయ్య తలుపు తీసుకుని కుంటుకుంటూ బయటికి వచ్చాడు. వాడి ముఖం మొదటిసారి సరిగ్గా చూశాడు. మీసాలు ఇంకా సరిగా రాని ముఖం, బొగ్గు మీద రెండు చారలు.

"నేను నీళ్లకని పంపు దిక్కు వోయిన కాకా. గోడకు ఒరిగి కూసున్నడు. ఏందే కాకా అంటె, పొద్దటి సంది ఛాతిల మంటున్నది, ఎవలకు చెప్పలే అన్నడు. నలుగురం కలిసి టన్నెల్ దిక్కు మోసినం. నేను అంబులెన్సుల ఎక్కిన. గంగానగర్ దాటంగనే... నా చెయ్యి పట్టుకొనే ఉండె. దవాఖానల చూసి ఇగ లేడన్నరు. ఇంటి నుంచి కాక పెండ్లాం సారక్కను తోల్కొచ్చిన్రు. లాంపులు రెండూ నా కాడనే ఉండిపోయినయి, అప్పజెప్పాలె గద అని వచ్చిన."

సదయ్య తలూపాడు. "మంచిది బిడ్డా," అన్నాడు. గోడ పక్కన సిమెంటు బల్ల మీద కూర్చున్నాడు.

పొద్దున రఘుపతి చెయ్యి ఎలా ఉంది? చెమట పట్టిందా? వణికిందా? బిళ్ళ పెట్టేటప్పుడు బల్లను ఆసరాగా పట్టుకున్నాడా? ఇరవై రెండేళ్లలో ఏ రోజు ఏ చెయ్యి ఎలా వచ్చిందో చెప్పగలనని మురిసే మనిషికి, ఎంత తలచుకున్నా ఆ ఒక్క చెయ్యి గుర్తు రాలేదు. అప్పుడు అతను చూడనే లేదు. భూపాల్ హెల్మెట్ చూస్తూ, జరుగు అన్నాడు.

భూపాల్ పక్కన నిలబడి ఉన్నాడు. ఇప్పుడు చెప్పకపోతే ఇంకెప్పుడూ చెప్పలేనని సదయ్యకు తెలుసు.

"బిడ్డా, ఆ బొమ్మల... ఆ బిళ్ళ మీద నీ నంబరు పడ్డది. తెల్వక వడ్డది. నాలుగు రోజుల సంది నీకేమైతదో అని సస్తున్న."

"నాకెర్కనే కాకా. రఘుపతి కాక మొన్ననే చెప్పిండు. సదయ్య నిన్ను పైలం పైలం అంటడు, నువ్వు బుగులు వడకు, నీ నంబరు బొమ్మల వడ్డది, గంతే అన్నడు. ఇద్దరం మస్తు నవ్వినం."

సదయ్య జేబులో ఫోన్ మోగి ఆగింది. ఆ వెంటనే వాట్సాప్‌లో ఒక ఫోటో, ఒక ఆడియో వచ్చాయి. శ్రావణ్య. ఆమెకు ఇంకా తెలియదు. సదయ్య వేలు తగిలి ఆడియో మోగింది. వెనక జనం గోల, నవ్వులు.

"కాకా, ఎక్కడున్నరు? జనం గప్పుడే వచ్చిన్రు, అందరు మీ పేజీ కాడనే ఉన్నరు! నంబరు లేదు కాకా ఇగ. నిన్న సాయంత్రం రఘుపతి కాక వచ్చి దాని మీద చీటీ అతికిచ్చిపోయిండు. వానికి నేనే చెప్త, నువ్వు చెప్పకు అని ఒట్టు వెట్టిచ్చుకుండు. గందుకే పొద్దున ఫోన్ల నవ్వొచ్చింది. జల్ది రాండ్రి ఇద్దరు."

ఫోటో పెద్దది చేసి చూశాడు. తన ఆఖరి బొమ్మ. బోర్డు మీద ఒక్క బిళ్ళ, దాని అంకెల మీద అరచేయంత తెల్ల కాగితం. రఘుపతి వంకర అక్షరాలు.

"ఫికర్ చెయ్యకుండ్రి. ఇంట్ల కరెంటు వోయిందని లాంపు తీస్కపోయిండు. పొద్దుగాల తెచ్చిస్తడట."

భూపాల్ కూడా వంగి చదివాడు. ముఖం పక్కకు తిప్పుకున్నాడు. సదయ్యకు మొదట నవ్వు వచ్చింది. నిజంగానే వచ్చింది, ఆ మాటలు అట్లాంటివి. నవ్వు సగంలో ఉండగానే ఏడుపు తన్నుకొచ్చింది. అంగీ అంచు నోట్లో కుక్కుకున్నాడు. నాలుగు రోజుల భయం నిన్న సాయంత్రమే తీరిపోయింది. తీరిందని చెప్పడానికే రఘుపతి పొద్దున కిటికీ దగ్గరికి వచ్చాడా? ఛాతీలో మంట ఉందని చెప్పడానికా? అది ఇక ఎవరూ చెప్పలేరు. రెండే మాటలన్నాడు, రెంటికీ తనకు తీరిక లేకపోయింది.

కొంతసేపటికి షిఫ్టు పని చూసుకునే ఓవర్‌మన్ వచ్చాడు. రఘుపతి బట్టలు, ఫోను షెడ్డులోనే ఉన్నాయట, సారక్కకు పంపాలట, ఎవరైనా తెస్తారా అని అడిగాడు. "నేను తెస్త" అని సదయ్య లేచాడు. భూపాల్ వెంట వస్తానంటే వద్దన్నాడు. "నువ్వు ఇంటికి వో. నీ పెండ్లాం తొవ్వ చూస్తుంటది."

బట్టలు మార్చుకునే షెడ్డులో ఎవరూ లేరు. గోడ పొడవునా మేకులు, వాటికి రెండో షిఫ్టు వాళ్ల ప్యాంట్లు, సంచులు, ఉండలు చుట్టిన అంగీలు. రఘుపతి మేకు చివరన, కిటికీ పక్కన ఉంటుంది. రోజూ తొడిగే గళ్ల చొక్కా తీసి భుజాన వేసుకున్నాడు. ప్యాంటు మడిచి చంకలో పెట్టుకున్నాడు. జేబులోని ఫోన్ తన జేబులో వేసుకున్నాడు, చెప్పులు ఒక చేతిలో, సంచి ఒక చేతిలో పట్టుకున్నాడు. అప్పుడు గాని కిటికీ ఊచకు తగిలించి ఉన్న హ్యాంగరు చూడలేదు. గని షెడ్డులోకి హ్యాంగరు తెచ్చినవాణ్ని అతను ఇంతవరకు చూడలేదు. సాయంత్రం కలిసే పోతం అన్నాడు రఘుపతి. దాన్ని ముట్టుకుందామని ఒక అడుగు వేశాడు. చేతులు రెండూ నిండి ఉన్నాయి. కాసేపు అలా నిలబడి, చూసి చూసి, తిరిగి వాకిలి వైపు నడిచాడు.

కిటికీ ఊచకు, బొగ్గు నుసి పడకుండా మెడ దగ్గర రబ్బరుబ్యాండు బిగించిన ఇస్త్రీ దుకాణం ప్లాస్టిక్ కవరులో, లేత పసుపు ఫుల్‌చేతుల చొక్కా ఒకటి మడత నలగకుండా వేలాడుతూ ఉంది.